కారు మీద పడవ, కాపురానికి శ్రీరామరక్ష

దూరప్రయాణం చేసే ప్రతివాడూ కారు నెత్తిన ఒక కనూ పడవ కట్టుకుని తీరాలి! దారిలో నీళ్ళున్నాయా, తెడ్డు వెయ్యడం వచ్చా అన్నవి తర్వాతి సంగతులు.

నవ్వకండి. కెనడాలోని థండర్ బే నుంచి బయల్దేరిన మా డొక్కు కారు కన్నా దాని మీది పడవే పొడుగు. ఎంత పెద్ద పార్కింగులోనైనా ఇట్టే దొరుకుతుంది. కారులోంచే కాఫీ కొనుక్కునే కిటికీ దగ్గర అడ్డకమ్మీ కింద పట్టదు కాబట్టి డోనట్లు మానేసి ఆరోగ్యంగా ఉన్నాను. పెట్రోలు బంకుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి, పడవను కారుకు కట్టిన బెల్టు ఒకసారి లాగి, పడవను చరిచి, "ఇంకెక్కడికీ పోదులే!" అని దీవించి వెళ్తారు. ఏ పనీ చెయ్యకుండా ఇంత గౌరవం నాకు ఇంకెక్కడ దక్కుతుంది?

అన్నిటికన్నా గొప్ప వరం మోత! కారు వేగం అందుకోగానే గాలికి ఆ బెల్టు గుయ్యిమని మొదలెడుతుంది. ఇక పక్కవాళ్ళ మాట వినపడితే ఒట్టు.

ఈ ప్రయాణం మా ఆవిడ ఐలీ ఆలోచన. పిల్లలు ఇల్లు విడిచాక మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడమే లేదట. "ఒకే కారు, ఒకే పడవ. ఎక్కడికి తప్పించుకుంటావో చూస్తా," అంది. పాపం, బెల్టు సంగతి ఆవిడకేం తెలుసు? సుపీరియర్ సరస్సు పొడవునా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. నేను "ఊఁ" అంటూనే ఉన్నాను. ఇంత సామరస్యం మా పెళ్ళయ్యాక ఎన్నడూ ఎరగం.

వావా ఊరి బంకులో ఒక పెద్దాయన బెల్టు లాగి చూసి పెదవి విరిచాడు.

"ఏమయ్యా, మెలిక వెయ్యకుండా కట్టేశావే! చెవులు చిల్లులు పడట్లా? ఒక్క మెలిక పడితే నోరు మూసుకుంటుంది."

అని తనే వేసిపెట్టాడు. చిన్నప్పట్నుంచీ పడవలు కడుతున్నవాణ్ణి, నాకా సంగతి తెలియక కాదు. ఆ మెలిక నేను కావాలనే మరిచిపోయాను!

కారు కదిలింది. చప్పుడు లేదు. ఐలీ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇప్పుడు చెప్పు ఐలీ, బాగా వినిపిస్తోంది," అన్నాను.

"చెప్పాల్సిందంతా అయిపోయింది అర్వో. నువ్వూ ఒప్పుకున్నావుగా."

"దేనికి?"

"మళ్ళీ మళ్ళీ అడిగా. అడిగినప్పుడల్లా ఊఁ అన్నావు. ఇంక చాల్లే."

నిజంగా భయం వేసింది. ఇల్లు అమ్మడానికి ఒప్పుకున్నానా? వాళ్ళ చెల్లెల్ని తెచ్చి మాతో పెట్టుకోవడానికా? లేక నన్నే వదిలించుకోవడానికా? ఇంకోసారి అడిగే మొహం నాకు లేదు.

అయినా నా వాదన మారదు. పడవలో ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. రేపు సరస్సులో ఐలీ ముందు, నేను వెనక. నా మొహం ఆవిడకు కనపడదు. ప్రస్తుతానికి పడవ వల్ల నాకు మిగిలిన లాభం అదొక్కటే.