ఆదివారం చప్పుడు చెయ్యరాదు

మనిషికి మనిషే తోడు అంటారు. ఒట్టి మాట! మనిషికి రూలే తోడు.

నమ్మరా? అయితే జర్మనీలోని మా స్టుట్‌గార్ట్‌కు రండి. ఇక్కడ సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంటే, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క బండి లేకపోయినా జనం నిలబడే ఉంటారు. తొందరపడి దాటారో, వెనక నుంచి ఎవరో ఒకావిడ అంటుంది: "పిల్లలు చూస్తున్నారండీ!" చుట్టూ చూస్తే పిల్లలెవరూ ఉండరు. అయినా సిగ్గేస్తుంది. రూలంటే అదీ!

ఖాళీ సీసాలు వీధి చివరి డబ్బాల్లో వెయ్యాలి. ఆదివారం వెయ్యకూడదు, ఆ రోజు చప్పుడు నిషేధం, గాజు మోగుతుంది. ఆకుపచ్చ సీసా తెల్ల సీసాల డబ్బాలో పడితే ఆ ఇంట్లో పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని నేననను. వీధిలో నమస్కారాలు మాత్రం తగ్గుతాయి.

అన్నిటికంటే గొప్పది ఊడ్పు వారం. మెట్లు ఊడవడం వంతులవారీగా వస్తుంది. ఎవరి వంతో వారి తలుపు పిడికి ఒక చెక్క బోర్డు వేలాడుతుంది. మెట్ల మీద దుమ్ము ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. బోర్డు ఉందా? ఊడవాలి. ఊడ్చాక ఆదివారం సాయంత్రంలోగా దాన్ని తర్వాతి వారి తలుపుకు తగిలించాలి. ఇన్నేళ్ళుగా ఊడుస్తున్నాను. చీపురు అరిగింది, మెట్లు అరిగాయి, దుమ్ము మాత్రం నాకింకా కనబడలేదు.

మా బిల్డింగ్‌లో నాలుగు వాటాలు. అన్నిటికంటే పైన ఐజెలె గారు. ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన పెద్దావిడ, ఒక్కరే ఉంటారు. ఆవిడ కింద ఫ్లైడరర్ గారు. బిల్డింగ్ రూళ్ళన్నీ ఆయనకు కంఠతా. ఆయన కింద నేను. నా కింద నుర్గుల్, బేకరీలో పని చేస్తుంది. మెట్ల మీద ఎదురైతే నలుగురం నమస్కారం పెట్టుకుంటాం. ఎవరి దారిన వాళ్ళం పోతాం. ఇంతకంటే ఆదర్శమైన ఇరుగుపొరుగు ఉంటుందా?

శీతాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పైనుంచి చప్పుడు. ధన్, ధన్, ధన్. ఆదివారం! ముగ్గురం మెట్ల మీదికొచ్చాం.

"మేకులు కొడుతోంది! ఈ వయసులో ఆవిడకు ఇదేం బుద్ధి?" అన్నారు ఫ్లైడరర్ గారు.

"పైకెళ్ళి అడగరాదూ?" అంది నుర్గుల్.

"ఆదివారం మధ్యాహ్నం ఒకరి తలుపు కొట్టడమా! మనం కూడా చప్పుడు చేస్తే ఆవిడకూ మనకూ తేడా ఏముంది? రేపు కంప్లైంట్ రాస్తాను."

న్యాయమే కదా? లోపలికెళ్ళిపోయాం. కాసేపటికి చప్పుడు దానంతట అదే ఆగిపోయింది. రూలుకున్న మహిమ చూశారా!

సోమవారం పొద్దున మాత్రం ఘోరం జరిగిపోయింది. ఫ్లైడరర్ గారి తలుపుకు బోర్డు లేదు! ఊడ్పు వారం ఐజెలె గారిది ముగిసింది, ఆయనది మొదలైంది, బోర్డు రాలేదు. మేకులు కొడితే ఓర్చుకోవచ్చు. ఇది ఓర్చుకునేదా? ఆయన పైకెళ్ళి బెల్లు మీద వేలు పెట్టి తియ్యలేదు.

లోపలి నుంచి గొంతు వినబడింది. "నేను లేవగలిగితే తలుపు ఎప్పుడో తీసేదాన్ని!"

తాళాలవాణ్ణి పిలిచి తలుపు తెరిపించాం. ఐజెలె గారు వంటింట్లో నేల మీద ఉన్నారు. తుంటి విరిగింది. చేతిలో ఊడ్పు వారం బోర్డు, అంచు చీలి ఉంది.

"దీన్ని మీ తలుపుకు తగిలించడానికే బయల్దేరానండీ. కాలు జారింది. దీంతోనే నేలంతా బాదాను. వినబడలేదా?"

"వినబడిందండీ," అన్నారు ఫ్లైడరర్ గారు. "కంప్లైంట్ సగం రాశాను."

"మిగతా సగం తర్వాత రాద్దురు గానీ, ముందు బోర్డు తీసుకోండి. వంతు మీది."

ఇప్పుడు చెప్పండి, ఆవిడను కాపాడింది ఎవరు? ఇరుగుపొరుగా? ఎంతమాత్రం కాదు, రూలు! ఆ బోర్డే లేకపోతే సోమవారం కూడా పైకెళ్ళడానికి మాకు కారణం దొరికేదా?

ఆవిడ ఆస్పత్రి నుంచి చేతికర్రతో తిరిగొచ్చాక మీటింగ్ పెట్టుకున్నాం. రూళ్ళలో లోటు ఉందని తేలింది. దానికి మందేమిటి? ఇంకో రూలు!

"మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్ళీ మూడు," అన్నారు ఫ్లైడరర్ గారు. "అలా కొడితే సాయం కావాలని అర్థం. ఎలా పడితే అలా కొడితే గోల కిందే లెక్క."

"తుంటి విరిగినవాళ్ళు తాళం తప్పకుండా కొడతారా, ఫ్లైడరర్ గారూ?" అంది నుర్గుల్.

"నువ్వుండమ్మా," అన్నారు ఐజెలె గారు. "నాకు రూలు నచ్చింది."

రూలు నోటీసు బోర్డుకెక్కింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం అమల్లోకీ వచ్చింది. పైనుంచి మూడు దెబ్బలు. ఆగింది. మళ్ళీ మూడు!

ముగ్గురం పరిగెత్తాం. నుర్గుల్‌కు కాళ్ళకు చెప్పులు కూడా లేవు. పైన తలుపు తెరిచే ఉంది. బల్ల మీద రేగుపళ్ళంత ప్లమ్ పళ్ళు పేర్చిన కేకు, నాలుగు ప్లేట్లు.

"ఎక్కడ పడ్డారు?" ఫ్లైడరర్ గారు రొప్పుతున్నారు.

"ఇంకా పడలేదు. కూర్చోండి."

"ఇది రూలును దుర్వినియోగం చెయ్యడమండీ!"

"సాయం కావాలంటే కొట్టమన్నది మీరేగా? ఇంత కేకు నేనొక్కదాన్నీ ఎలా తినను?" చాకు ఆయన చేతికిచ్చారు. "ఊరికే రమ్మంటే వచ్చేవాళ్ళా మీరు?"

 ఊరికే వెళ్ళడానికి మా బిల్డింగ్‌లో రూలు లేదు. మౌనవేళ కాబట్టి గుసగుసగా మాట్లాడుకుంటూ తిన్నాం. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు.

ఈ రోజు మళ్ళీ ఆదివారం. పైనుంచి ఇంకా చప్పుడు లేదు. నా నెత్తి మీద ఫ్లైడరర్ గారు బూట్లు వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బూట్ల చప్పుడు రూలుకు విరుద్ధం. కంప్లైంట్ రాయొచ్చు.

రాయను. నేనూ బూట్లు వేసుకునే కూర్చున్నాను.