ఆరోగ్యవంతుడి మెదడు

ఊరంతా మెదడమ్మ అని పిలిచే మెదడు డాక్టరు ఆ ఆదివారం వేసుకున్న పథకం చాలా చిన్నది. టౌన్‌హాల్లో జనానికి జ్ఞాపకశక్తి గురించి అరగంట మాట్లాడాలి, తెరమీద రెండు మెదళ్ళ బొమ్మలు చూపించాలి, భోజనం వేళకి ఇంటికి రావాలి. ఆ బొమ్మల్లో ఒకటి మతిమరుపు జబ్బు ముదిరిన రోగిది, రెండోది ఆరోగ్యవంతుడిది. మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళకి ఆరోగ్యవంతులు ఓ పట్టాన దొరకరు. అందుకే వాళ్ళ ఇళ్ళల్లో మొగుళ్ళూ తోడికోడళ్ళూ ఏదో ఒక రోజు స్కానింగ్ మెషిన్ ఎక్కినవాళ్ళే.

"ముందు వరసలో కూర్చోండి. రెండో మెదడు మీదే. లేచి నిలబడితే జనం చప్పట్లు కొడతారు," అంది భర్తతో.

"నాదా? నేనెప్పుడు తీయించుకున్నాను?"

"పోయిన నెల. మీకేదీ గుర్తుండదు."

ఆయన లెక్కల మాస్టారు. సెలవు రోజు పొద్దున్నే గొడవెందుకని ఊరుకున్నాడు.

ఆయన లేచి నిలబడగానే హాల్లో చప్పట్లు బాగానే పడ్డాయి. అవి ఆగాక ముందు వరసలోని రిటైరైన డాక్టరు చెయ్యెత్తాడు. "రెండూ రోగివే పెట్టినట్టున్నారమ్మా."

మెదడమ్మ వెనక్కి తిరిగింది. టెక్నీషియన్ తయారుచేసి ఇచ్చిన ఆ బొమ్మని ఆమె అంత పెద్దగా చూడటం అదే మొదలు. జ్ఞాపకాలని కాపాడే చిన్న భాగం రెండిట్లోనూ ముడుచుకుపోయి, దాని చుట్టూ ఖాళీ మిగిలింది.

"అది నాది కాదు. నేనసలు మెషిన్ ఎక్కలేదు," అన్నాడు భర్త, నిలబడే.

హాలంతా అయ్యో అని నిట్టూర్చింది.

మర్నాడు హెడ్‌మాస్టరు ఆయన చేతిలోంచి సుద్దముక్క మెల్లిగా తీసుకున్నాడు. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ."

"నేను మెషిన్ ఎక్కలేదండీ."

"అలాగే, ఎక్కలేదు," అన్నాడు హెడ్‌మాస్టరు, పసిపిల్లాడికి చెప్పినట్టు.

సాయంత్రానికి ఆయన పెద్దక్క పెట్టె సర్దుకుని దిగింది. "ఒరే, నా కుక్కరు పట్టుకెళ్ళావు, గుర్తుందా?"

"తిరిగిచ్చేశాను కదక్కా."

"అదీ మర్చిపోయాడు," అని ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. స్కూటరు తాళాలు దాచేసింది.

ఆయన నిజం చెప్పిన ప్రతిసారీ జబ్బు ఇంకాస్త ముదిరిందని అందరూ తేల్చేస్తున్నారు. వారం తిరిగేసరికి ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "నిజంగానే ఎక్కానేమోనే. నాకే తెలియడం లేదు," అన్నాడు. మెదడమ్మకి గుండె చెరువైంది. పొయ్యి కట్టేసి, ఉన్నపళంగా ల్యాబుకి బయల్దేరింది.

"ఎవరిదో బొమ్మ పొరపాటున కలిసిందని ఒక్క మాట చెప్పవయ్యా. ఆయన కుంగిపోతున్నారు," అని టెక్నీషియన్‌ని బతిమాలింది.

అతను కుర్చీ ఆమె వైపు జరిపాడు. "అది సార్‌ది కాదు మేడమ్. సార్ కాల్లో స్టీలు రాడ్ ఉంది, ఈ అయస్కాంతం దగ్గరికి తేకూడదని ఆరోజు పొద్దున మీరే చెప్పారు. సార్‌కని పెట్టుకున్న టైము వృథా పోకూడదని మీరే మెషిన్‌లో పడుకున్నారు."

"ఎవరు?"

"మీరే మేడమ్. నేనే లోపలికి పంపాను."

ఆమె ఎంత వెతుక్కున్నా ఆ పొద్దు దొరకలేదు. "అవును కదూ," అంది. ఏమీ గుర్తురానప్పుడు తన రోగులందరూ అనేది ఆ మాటే.

ఇంటికొచ్చేసరికి భర్త గేటు దగ్గరే ఉన్నాడు. "ఏమన్నారు?"

"మీకేం లేదు. రేపట్నించి స్కూలుకి వెళ్ళండి." ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ ఏడుపు ఆగేదాకా ఉండి, "అది నాది," అంది. "ఒక్క బొమ్మతో జబ్బు తేల్చకూడదు, ఇంకా పరీక్షలున్నాయి. కానీ నాకు భయంగా ఉందండీ."

నేను ముందే చెప్పాను కదే అనబోయి, ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భార్య మీద వాదన గెలవడం అదే మొదటిసారి, అదీ ఎవరితోనూ చెప్పుకోలేని గెలుపు.