మంచం పట్టిన ఆర్కిడ్లు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అపార్టుమెంటులో అందరూ సవరణగారనే అంటారు. ఎవరు ఏ తీర్మానం పెట్టినా "చిన్న సవరణ" అంటూ లేవకపోతే ఆయనకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఉద్యోగం బీమా ఆఫీసులో. ఏది చెప్పినా దాని వెనక సన్న అక్షరాల్లో ఇంకేదో ఉండటం అక్కడ అబ్బిన విద్యే.

ఈసారి విషయం ఆర్కిడ్లు. మొక్కల సంఘంవాళ్ళంతా ఒకే జాతి ఆర్కిడ్‌ను తలా ఒక పిల్లమొక్క తెచ్చుకుని ఏడాదిపాటు పెంచాలి. ఎవరిది ముందు పూస్తే వాళ్ళ ఫొటో లిఫ్టు పక్క గోడకు ఎక్కుతుంది. ఏ జాతి అన్నది ఆదివారం మీటింగులో తేలాలి. ఇన్నాళ్ళూ గులాబీలైనా, చేమంతులైనా, ఆ గోడ మీద నవ్వుతూ కనిపించేది కింద క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరే. తన పళ్ళకు తనే ప్రకటన.

శనివారం సాయంత్రం సవరణగారు భార్య పక్కన చేరాడు. ఆవిడ లెక్కల టీచరు. ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుతోంది.

"రేపు డెండ్రోబియం ఖాయం చేయించేస్తాను," అన్నాడు గొంతు తగ్గించి.

"అదేం బియ్యం?"

"బియ్యం కాదు, ఆర్కిడ్. ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది. నర్సరీలో ఒకటి అట్టిపెట్టించాను. పైకి పిల్లమొక్కే. లోపల్లోపల మొగ్గ తొడుగుతోంది."

"అయితే అదే కావాలని అడగండి."

"అడిగితే డాక్టరు వద్దంటాడు. నేను తూర్పంటే వాడు పడమరంటాడు. అందుకని మాస్‌డెవాలియా కావాలని పట్టుబడతాను. అది చల్లటి కొండల్లో పుట్టిన మొక్క, మన ఎండకు తట్టుకోలేదు. వాడు దాన్ని కొట్టేసి డెండ్రోబియం అంటాడు. నేను బాధపడుతూ ఒప్పుకుంటాను."

"పార్కింగులో దీపాలు తగ్గించాలన్నప్పుడు ఆయన మీ మాటకు సరేనన్నారుగా?"

"అది చీకటి ఒప్పందం. లెక్కలోకి రాదు."

ఆవిడ చేతిలో ఉన్న పేపరు మీద పెద్ద ఇంటూ కొట్టింది. కిందికి వెళ్ళి చెత్తబుట్ట పెట్టి వస్తానని లేచింది. మామూలుగా అది ఆయన పని. అయినా సవరణగారికి అనుమానం రాలేదు. పని తప్పినప్పుడు అనుమానపడే అలవాటు ఆయనకు లేదు.

మీటింగులో ఆయన మాట్లాడిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. "కష్టపెట్టకుండా పూసే పువ్వూ ఒక పువ్వేనా? డెండ్రోబియం సందు చివర కూడా పూస్తుంది. దానికి మనలాంటి సంఘం ఎందుకు? మాస్‌డెవాలియాకు పేరులో మాస్ ఉంది గానీ నడత అంతా క్లాసు. పెంచితే దాన్నే పెంచాలి," అని, డాక్టరు వైపు ఓరకంట చూసి కూర్చున్నాడు.

డాక్టరు నిదానంగా లేచాడు. "నేను ఈయనతో ఎప్పుడూ ఏకీభవించలేదు. ఇవాళ మనస్ఫూర్తిగా ఏకీభవిస్తున్నాను."

చప్పట్లు మోగాయి.

"చిన్న సవరణ," అన్నాడు సవరణగారు లేచి.

"మీ తీర్మానానికి మీరేనా?" అంది అధ్యక్షురాలు. ఆవిడ లైబ్రేరియను. మాట్లాడేవాళ్ళను కళ్ళజోడు పైనుంచి చూసి నోరు మూయించడం వృత్తిలో భాగం.

"అది కొంచెం కష్టమైన మొక్కేమోనని..."

"కష్టమనేగా ఇంతసేపు పొగిడారు. ఇంత తెలిసినవారు ఇంకెవరున్నారు? మిమ్మల్ని సంఘానికి సాంకేతిక సలహాదారుగా నియమిస్తున్నాం."

మొక్కలు వచ్చాయి. వాటి వెనకాలే ఎండలూ వచ్చాయి. ఆకులు సొమ్మసిల్లినట్టు వాలిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు కుండీ చంకన పెట్టుకుని సలహాదారు తలుపు తట్టారు. "రెండు రోజులు మీ దగ్గర ఉంచుకోండి, తేరుకున్నాక తీసుకెళ్తాం," అన్నవాళ్ళే గానీ, తీసుకెళ్ళినవాళ్ళు లేరు. పైగా పొద్దునా సాయంత్రం పరామర్శకు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకు కాఫీలు.

ఇంట్లో ఏసీ ఉన్నది పడగ్గదిలో ఒక్కచోటే. మొక్కలు అందులోకి చేరాయి. తేమ కోసం గదిలో తడి తువాళ్ళు వేలాడాయి. ఆ చెమ్మకు అలమరలో పెట్టిన పరీక్ష పేపర్ల మీద ఎర్రసిరా కరిగి, ఒకరి మార్కులు ఇంకొకరికి అంటుకున్నాయి.

ఆవిడ స్కూలు నుంచి వచ్చి గది తలుపు తీసింది.

"మంచం మీద ఎవరు?"

"బాగా నీరసంగా ఉన్నవి."

"మరి మనం?"

"మనం ఆరోగ్యంగానే ఉన్నాంగా. హాల్లో సర్దుకుందాం."

"నాకు ఏసీ వేయమంటే గొంతు పట్టేస్తుందంటారు. వీటికి పట్టదా?"

"వాటికి గొంతు లేదు."

"మీ అదృష్టం. ఉంటే ఈపాటికి మిమ్మల్ని ఏమనేవో."

ఆ వారం ఆవిడ సోఫాలో, ఆయన కింద చాప మీద. నడుము పట్టేసి ఆయన వంగి నడుస్తుంటే, మొక్కలకు వినయంగా నమస్కారం పెడుతున్నాడనుకుని పరామర్శకు వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు.

ఆదివారం సంఘం మొత్తం పడగ్గదిలోనే సమావేశమైంది. సవరణగారి భార్య కాఫీ కప్పులు అందిస్తూ డాక్టరుతో మెల్లగా అంది. "అన్నయ్యగారూ, కింద మీ క్లినిక్‌లో రోజంతా ఏసీ ఉంటుంది. కిటికీలోంచి వెలుతురు వస్తుంది గానీ ఎండ పడదు. వీటిని అక్కడ ఉంచితే బతుకుతాయేమో."

డాక్టరుకు ఆ మాట పంచదారలా ఉంది. కుండీలన్నీ ఆ పూటే కిందికి దిగాయి.

ఇల్లు ఖాళీ అయ్యాక సవరణగారు మంచం మీద కూలబడ్డాడు. "ఆ డాక్టరు ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నాడో ఇప్పటికీ అంతుపట్టడం లేదు."

"నేను ఒప్పుకోమన్నాను," అంది ఆవిడ దుప్పటి మారుస్తూ. "చెత్తబుట్ట పెట్టడానికి వెళ్ళినప్పుడు."

"నువ్వా? ఎందుకు?"

"మొగ్గ తొడిగిన మొక్క తెచ్చి పిల్లమొక్క అనడమంటే కాపీ కొట్టడమే కదండీ. కాపీ కొట్టేవాణ్ణి నేను ముందు బెంచీలో కూర్చోబెడతాను. కాకపోతే, మీరు ఆ బెంచీ తెచ్చి మన మంచం మీదే వేస్తారనుకోలేదు."

ఆయన వెల్లకిలా పడుకుని సీలింగు వంక చూశాడు. అక్కడా చెమ్మే.

సలహాదారు పదవి మాత్రం వదల్లేదు. రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు క్లినిక్‌లో మొక్కలకు నీళ్ళు చల్లి రావడం ఆయన వంతయింది. చల్లదనానికి అవి తేరుకున్నాయి. ఒకరోజు డాక్టరు కబురు పెడితే భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. డాక్టరుగారి మొక్కకే మొదటి పువ్వు విచ్చుకుంది. నిప్పురంగు రేకులు, ఒక్కో రేకుకు ఒక్కో సన్నటి తోక.

రోగుల కుర్చీలో కూర్చుంటే పువ్వు సూటిగా కనిపిస్తుందని డాక్టరు ఆయన్ను అందులో కూర్చోబెట్టాడు. సవరణగారు పువ్వును చూస్తూ నోరు తెరిచాడు.

డాక్టరు తల మీది దీపం వెలిగించాడు. "బావగారూ, అలాగే ఉండండి. కింది వరసలో ఒకటి బాగా పుచ్చింది."

మూసేలోపలే నోట్లో దూది పడింది.

"తీసేయాలమ్మా. మీరేమంటారు?" అన్నాడు డాక్టరు ఆవిడతో.

సవరణగారు రెండు చేతులూ ఊపాడు. కళ్ళు పెద్దవి చేశాడు. గొంతులోంచి ఏదో చప్పుడు కూడా వచ్చింది.

"తీసేయండి అన్నయ్యగారూ," అంది ఆవిడ, పువ్వు మీంచి చూపు తిప్పకుండా. "ఆయనకు అభ్యంతరమేమీ లేదట."