తెల్లపూలు దిల్‌సుఖ్‌నగర్‌కు, బంతిపూలు ఎల్బీనగర్‌కు

నిండిపోయిన మెయిల్‌బాక్సును టిఫిన్ వేళకల్లా ఖాళీ చేసెయ్యాలని ఆ ఉదయం ఇంద్రాణి అనుకుంది. పెళ్ళి స్టేజీలకు పూల అలంకరణ చేసే వ్యాపారం ఆమెదీ భిక్షపతిదీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు ఆమె చూస్తుంది, ఎల్బీనగర్‌లో గోడౌన్ అతను చూస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకటే మెయిల్ అడ్రసు.

కంప్యూటర్ ఒక ప్రశ్న వేసింది. మెయిళ్ళు ఎక్కడినుంచైనా కనబడేలా సర్వర్‌లోనే ఉంచాలా, లేక ఈ కంప్యూటర్‌లోకి దించుకుని అక్కడ తీసెయ్యాలా? ముందు వారమే భిక్షపతి ఫోన్‌లో ఏదో నొక్కబోయి ఒక కొత్త పార్టీ మెయిల్ చెరిపేశాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. "దించేసుకుంటే ఆ మహానుభావుడి వేళ్ళు పడవు" అనుకుని రెండోదే నొక్కింది. మెయిళ్ళన్నీ దిగాయి. ఆమె తృప్తిగా ఇడ్లీ తినడానికి లేచింది.

ఎల్బీనగర్‌లో భిక్షపతి ఫోన్ తెరిస్తే ఇన్‌బాక్స్ బోసిపోయి ఉంది. వెంటనే ఫోన్ కలిపాడు.

"మేడమ్, మెయిళ్ళన్నీ ఏడవోయినయ్?"

"ఎక్కడికీ పోలేదండీ. నా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి."

"మీ కంప్యూటర్లనా? మరి నేనెవర్ని, వాచ్‌మన్‌నా?"

"మీక్కావాల్సినవి నేను చదివి చెబుతాను. చెరపడం మాత్రం కుదరదు."

"ఒక్కసారి వేలు తగిలింది. దానికి గింత శిక్షనా?"

ఫోన్ విసురుగా పెట్టేసి, గోడౌన్ మూల దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్‌ను తుడిచి, అదే ప్రశ్నకు అదే జవాబు నొక్కాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అప్పటినుంచి వచ్చిన ప్రతి మెయిలూ ఏ కంప్యూటర్ ముందు లాక్కుంటే దానిదే. రెండోదానికి అది వచ్చిన జాడ కూడా తెలియదు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి.

ఆ రోజుల్లోనే హయత్‌నగర్‌లో స్తెఫను కూతురు సాధన పెళ్ళి కుదిరింది. చర్చిలో పెళ్ళి, ఆపైన ఫంక్షన్ హాల్లో విందు. హాల్లో స్టేజీ అంతా తెల్లపూలే ఉండాలని సాధన పట్టు. బంతిపూలు లేని పెళ్ళి పెళ్ళే కాదని స్తెఫను తల్లి బాలమ్మ పట్టు. స్తెఫను ఇద్దరికీ సరేనన్నాడు. ఫోన్‌లో మాట్లాడితే ఇంట్లో వింటారని, తన ఆఫీసు నుంచి ఈ పూలవాళ్ళ అడ్రసుకు మెయిల్ పెట్టాడు: తెల్లపూలు. తల్లి కన్నీళ్ళు పెట్టుకునేసరికి మర్నాడు ఇంకోటి పెట్టాడు: బంతిపూలు. మొదటిది దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది, రెండోది ఎల్బీనగర్‌లో. రెండింటికీ "సరే" అని జవాబు వచ్చింది. ఆఖరిదే లెక్కలోకి వస్తుందనుకుని అతను మొదటిది వద్దని రాయలేదు.

పెళ్ళిరోజున ఇంద్రాణి, గోడౌన్ వాళ్ళను అడగడం ఇష్టంలేక, మలక్‌పేట నుంచి వేరే పనివాళ్ళను మాట్లాడుకుని లిల్లీలతో హాల్లోకి అడుగుపెట్టింది. అప్పటికే స్టేజీ కుడివైపు బంతి దండలు వేలాడుతున్నాయి. నిచ్చెన మీద భిక్షపతి ఉన్నాడు.

"ఎవరు కట్టమన్నారండీ ఈ బంతిపూలు?"

"స్తెఫను సారు. మెయిల్ ఉంది."

"నా దగ్గరా ఉంది మెయిల్. తెల్లపూలని! బంతి మాటే లేదందులో."

"మీ దాంట్ల ఎట్లుంటది? గది నేను గుంజుకున్న!"

ఇంద్రాణి చేతిలోని బుట్ట కింద పడింది. "అంటే మీరూ దించుకుంటున్నారా? దొంగచాటుగా?"

"కలిసి పని చేసేటోనికే తాళమేసిన్రు. ఎవరు దొంగ?"

"అడగొచ్చుగా!"

"అడిగితే చదివి చెప్తమన్నరు గదా!"

అవతల చర్చిలో ప్రార్థన ముగింపుకొచ్చింది. ఒకరి పూలు ఇంకొకరు తీయనివ్వలేదు, ఆపమంటే ఇద్దరూ ఆపలేదు. తిట్టుకుంటూనే ఆమె ఎడమ నుంచి, అతను కుడి నుంచి కట్టుకుంటూ వచ్చారు. నడిమధ్యలో భుజాలు తగిలాయి. అదే క్షణంలో తలుపులు తెరుచుకుని పెళ్ళివారు లోపలికొచ్చారు.

సగం తెలుపు, సగం పసుపు.

"నాన్నా, నా తెల్లపూలు!" అంది సాధన.

"నా బంతిపూలు, బిడ్డా!" అంది బాలమ్మ.

ఇద్దరూ ఒకేసారి స్తెఫను వైపు తిరిగారు. అతను చెమట తుడుచుకున్నాడు. స్టేజీని ఒకసారి చూశాడు, వాళ్ళను ఒకసారి చూశాడు.

"ఇద్దరికీ సరే అన్న గదా. అందుకే సగం సగం చేయించిన" అన్నాడు.

వారం రోజులుగా మొహాలు చూసుకోని మనవరాలూ నాయనమ్మా కావలించుకున్నారు. స్తెఫను మెల్లగా వచ్చి వ్యాపారస్తులిద్దరి చేతులూ పట్టుకున్నాడు. "మీ ఇద్దరిది ఎంత మంచి జోడీ! ఒకరి మనసు ఒకరికి ఎరుక."

అతను వెళ్ళేదాకా ఇద్దరూ పళ్ళు బిగబట్టి నవ్వారు.

"ఇవ్వాళే రెండు కంప్యూటర్లలోనూ మార్చేద్దాం. అన్నీ సర్వర్‌లోనే ఉంటాయి" అంది ఇంద్రాణి, మొహం తిప్పుకునే.

"నేను మళ్ళ చెరిపితే?"

"ఇద్దరికీ పోతుంది. అప్పుడు మిమ్మల్ని తిట్టడానికి నాకు పక్కా కారణం ఉంటుంది."

"గట్లయితే ఓకే" అని భిక్షపతి బిర్యానీ వైపు నడిచాడు.

ఆ హాల్లో చివరిదాకా కోపంగా మిగిలింది ఫొటోగ్రాఫర్ ఒక్కడే. ఎటువైపు నుంచి తీసినా అతనికి ఒక్క ఫొటోలో రెండు పెళ్ళిళ్ళు పడుతున్నాయి.