వకుళ గడ్డం మీద ప్రజాభిప్రాయ సేకరణ

శ్రావణమాసం రెండో మంగళవారం పొద్దున్న, వకుళ గడ్డాన్ని మున్సిపాలిటీవాళ్ళు స్వాధీనం చేసుకున్నారు. ఆవిడ పోస్టాఫీసులో ఉద్యోగానికి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది. సర్వేయరు టేపు పట్టి ఈ చెవి కింద నుంచి ఆ చెవి కింద దాకా కొలిచాడు. హద్దులకి గోరంత రాళ్ళు రెండు పాతాడు. మధ్యలో వేలెడంత బోర్డు తగిలించాడు. "ఈ స్థలము మున్సిపాలిటీ వారిది. అతిక్రమించినవారు శిక్షార్హులు" అని ఉంది దానిమీద. పావుగంటలో పని అయిపోయింది. ఆ వీధిలో గొయ్యి పూడ్చమంటే రెండు వర్షాకాలాలు తిప్పించుకున్న మహానుభావులే వీళ్ళు. ఆడమనిషి మొహం అనేసరికి ఎంత చురుకో చూడండి!

పాపం, వాళ్ళని అనడానికీ లేదు. చట్టం అలా ఉంది. సొంతదారు నోరెత్తకుండా ఊరుకుంటే, పన్నెండేళ్ళపాటు నలుగురూ వాడుకున్న స్థలం నలుగురిదీ అయిపోతుంది. ఇరవయ్యో ఏట నెలసరి లెక్క తప్పి, గడ్డం కింద నల్లటి వెంట్రుకలు మొలిచిన నాటినుంచీ వకుళ గడ్డాన్ని వాడుకోని మనిషి లేడు. బస్సులో పక్కసీటావిడ వాడుకుంది. స్టాంపుల కోసం కౌంటరు దగ్గరికొచ్చిన పెద్దమనుషులు చిల్లర తీసుకుంటూ వాడుకున్నారు. మొగుడి తరఫు చుట్టాలైతే సెలవులు పెట్టుకుని మరీ వచ్చి వాడుకున్నారు. ఎవరేమన్నా వకుళ ఓ నవ్వు నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది కానీ, కుళాయి చప్పుడులో ఏడిస్తే అభ్యంతరం కింద లెక్కలోకి రాదు.

ముఖ్యసాక్షి ఎదురింటి భ్రమరాంబ. పేరంటాల్లో ముత్తైదువులకి గంధం రాసే పని ఆవిడ ఎవరికీ వదిలిపెట్టదు. గిన్నెలో మూడు వేళ్ళు ముంచి, మెడకి రాయాల్సింది పైకి గడ్డం దాకా పోనిచ్చి, ఓసారి అటూ ఓసారి ఇటూ నిమిరి, "అమ్మాయ్, మొన్నటికంటే బిరుసెక్కాయే!" అని గదిలో అందరికీ వినపడేలా చెప్పేది. అందరికీ కాళ్ళకి పసుపు, మెడకి గంధం. వకుళకి మాత్రం అదనంగా తనిఖీ. ఇన్నేళ్ళలో ఒక్క పేరంటంలోనూ నాగా పడలేదని ఆవిడ మున్సిపాలిటీవారి ఎదుట ప్రమాణం చేసి చెప్పింది. ఆ చెప్పడంలో ఎంత ప్రేమనుకున్నారు!

బోర్డు బరువేం కాదు. అన్నం తినేటప్పుడు కాస్త అడ్డొచ్చేది, అంతే. వకుళ బెంగల్లా గురువారం గురించి. ఆ రోజు వెంట్రుకలు పోవడానికి లేజరు మొదలుపెట్టాలి. దానికోసం ఆవిడ నెలన్నరగా దారంతో తీయించుకోవడం మానేసింది, ఎందుకంటే వేరు లోపల ఉంటేగానీ లేజరుకి పట్టదు. రక్తపరీక్షలూ స్కానింగులూ అయ్యాయి. అద్దం ముందు నిలబడి, వెంట్రుకలు వెతుక్కోకుండా, ఊరికే తన మొహం తాను చూసుకోవాలని ఆవిడ కోరిక. ఇంకేమీ లేదు.

చర్మవైద్యురాలు నీరజ బోర్డు చదివి, యంత్రం కట్టేసింది.

"చూడండి వకుళగారూ, ఇవి హార్మోన్ల తేడా వల్ల వచ్చినవి. మీ తప్పు కాదు. మందులు వాడుతూ కొన్ని సార్లు లేజరు వేయించుకుంటే చాలావరకు తగ్గుతాయి. కానీ ప్రభుత్వ స్థలం మీద వేశాననుకోండి, నా క్లినిక్కి తాళం పడుతుంది. కావాలంటే పైపెదవికి వేస్తాను. అది ఇంకా మీ పేరు మీదే ఉంది."

"గడ్డం వెనక్కి రాదాండీ?"

"విచారణ పెడతారుగా, అక్కడ అడగండి. అందరూ అలాగే చేస్తారు."

విచారణ ఆదివారం వార్డు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక జనం కిటికీలెక్కారు. మంచినీళ్ళ పైపుల గురించి పెట్టిన మీటింగుకి వాచ్‌మన్ తప్ప ఎవరూ రాలేదని తర్వాత తెలిసింది. అధికారి సింహాద్రి నెమ్మదస్తుడు. వకుళని వేదిక మీద, వెలుతురు బాగా పడేచోట కూర్చోబెట్టి, హక్కుదారులని ఒక్కొక్కరినీ పిలిచాడు.

"పెసరపిండి నలుగు పెట్టండి. మా పిన్ని కూతురికి దెబ్బకి పోయాయి," అందొకావిడ.

"లేజరేస్తే కళ్ళు పోతాయంట. మా గ్రూపులో వచ్చింది," అన్నాడు రిటైరయిన లెక్కల మాస్టారు.

"పిల్లప్పుడు వాళ్ళమ్మ నలుగు పెట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు. మా వంశంలో ఇలాంటిది ఎరగం," అంది అత్తగారు కామేశ్వరమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

బొడ్డుదాకా గడ్డం పెంచిన ఒకాయన లేచి, గడ్డంలో ఇరుక్కున్న జంతిక ముక్క దులుపుకుంటూ, ఆడపిల్లకి శుభ్రం ముఖ్యమన్నాడు. హాలంతా చప్పట్లు. వకుళ భర్త ప్రకాశరావు కూడా కొట్టాడు, అలవాటు ప్రకారం.

అప్పుడు వకుళ మెల్లిగా అడిగింది. "మరి ఆయన గడ్డం ఎందుకు స్వాధీనం చేసుకోలేదండీ?"

"దాంట్లో ఎవరూ వేలు పెట్టలేదు కదమ్మా! వాడకంలో లేనిదాన్ని మేమెలా తీసుకుంటాం?" అన్నాడు సింహాద్రి, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఇక మిగిలింది సొంతదారు మాట. సింహాద్రికి ఎందుకో జాలేసింది. ముందుకి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, నా ఉద్యోగంలో చాలా గడ్డాలు చూశాను. ఒక్క మాట చాలు. 'నా మొహం, మీకెందుకు' అనండి. ఇక్కడికిక్కడే కేసు కొట్టేస్తాను. రాళ్ళు నేనే పీకిస్తాను. రేపు మీరు లేజరు వేయించుకుంటారో, పెంచుకుంటారో, మీ ఇష్టం."

వకుళ లేచి నిలబడింది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది, ముందు వరసలో ఉన్నవాళ్ళు బోర్డు కదలడం చూశారు. భ్రమరాంబ ముఖం చిన్నబుచ్చుకుంది. "నేను పరాయిదాన్నా తల్లీ? నీ మంచికేగా చెప్పాను," అంది. కామేశ్వరమ్మ కళ్ళమీది కొంగు దించి కోడలికేసి ఊరికే చూసింది. ప్రకాశరావు కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఇంటికెళ్ళాక రాత్రి అన్నాలు ఎవరు వడ్డిస్తారు, ఎవరు మాట్లాడరు, ఎన్నాళ్ళు మాట్లాడరు, ఇవన్నీ వకుళకి ఒక్కసారిగా కళ్ళముందు కనబడ్డాయి.

"పర్లేదండీ," అంది. "పెద్దవాళ్ళు కదా. ఏమన్నా నా మంచికేగా."

సింహాద్రి నిట్టూర్చి ముద్ర వేశాడు. గడ్డం శాశ్వతంగా ప్రజలదయింది. దయగల ప్రజలు లేజరుకి అనుమతి కూడా ఇచ్చారు. కాకపోతే ప్రతి సిట్టింగుకీ వార్డు తరఫున ఇద్దరు దగ్గరుండి చూస్తారు, పని అయ్యాక నున్నగా ఉందో లేదో చేత్తో తడిమి సంతకం పెడతారు. పెట్టేవాళ్ళలో భ్రమరాంబ పేరు మొదటిది.

వకుళ బ్యాగు భుజానికి తగిలించుకుని దిగబోయింది.

"కూర్చోండమ్మా, ఇంకో అంశం ఉంది," అన్నాడు సింహాద్రి, కళ్ళజోడు సవరించుకుని. "పొట్ట. పిల్లల విషయం. ఇదెప్పటినుంచి వాడకంలో ఉందండీ?"

"పెళ్ళయిన మూడోనెల నుంచీ!" అని హాలు హాలంతా ఒక్క గొంతుతో అంది.

"అబ్బో, అయితే దీనికి సాక్షులు కూడా అక్కర్లేదు," అన్నాడు సింహాద్రి.

కిటికీ మీద వాళ్ళు సరిగ్గా కనబడటంలేదని గోల చేశారు. వకుళ బ్యాగు కింద పెట్టి, పొట్టమీది కొంగు కొంచెం పక్కకి తప్పించి, అందరికీ కనబడేటట్టు కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుంది.