గోడెక్కిన తీగపెరుగు

ఆ జూన్ శనివారం పొద్దున ఆర్విడ్ సెల్‌గ్రెన్ మాస్టారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. మధ్యాహ్నం పాత శిష్యురాళ్ళు ముగ్గురు కాఫీకి వస్తారు. వాళ్ళు నర్సుల బడిలో చేరిన తొలిరోజున తాను చెప్పిన జిగురు పాఠాన్ని మళ్ళీ ఒకసారి చెప్పాలి. గిన్నెలోంచి చెంచాడు తీగపెరుగు తీసి, భుజం ఎత్తు దాకా సాగదీసి చూపించాలి. ఆ తర్వాత అందరూ పంచదారా శొంఠిపొడీ చల్లుకుని అదే పెరుగు తినాలి. అంతే.

మాస్టారు నర్సులకీ కుర్ర డాక్టర్లకీ వైద్యంలోని లాటిన్, గ్రీకు మాటలు నేర్పి రిటైరైన మనిషి. ఎముకల మీదా నరాల మీదా కూడా పాఠాలు చెప్పాడు గాని ఆయన మనసంతా జిగురు మీదే ఉండేది. చీమిడి, కఫం, నత్త వదిలిన చార, చేప ఒంటి మీది జారుడు... ఏ జిగురు పేరు అడిగినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని జిగురు మాస్టారు అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు. ఆయనకి ఆ పేరంటే లోలోపల ఇష్టమేనని నా అనుమానం.

మా వైపు పెరుగు తీగలు తీగలుగా సాగుతుంది. చెంచా ఎత్తితే తెగదు, కత్తెర తెమ్మని పిల్లలు గోల చేస్తారు. దాని తోడు ఇంటికొకటి ఉండేది. డెయిరీ పెరుగు వచ్చాక ఒక్కో ఇంట్లో తోడు పోతూ వచ్చింది. మాస్టారి ఇంట్లో మాత్రం ఆయన తల్లి హుల్దా నాటి తోడు ఇంకా బతికే ఉందని ఊరంతటికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. పొద్దున్నే మొదటి చెంచా నోట పెట్టుకోగానే ఆయనకి అమ్మ చెక్క గరిటెతో పొయ్యి ముందు నిలబడినట్టే ఉండేది. "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది," అనేవాడు రోజూ. భార్య రాగ్న్‌హిల్డ్ రోజూ ఏమీ అనకుండా శొంఠిపొడి డబ్బా ఆయన ముందుకి జరిపేది.

ఆ రోజు రాగ్న్‌హిల్డ్ సుండ్‌స్వాల్ పట్నంలో చెల్లెల్ని చూసి సాయంత్రానికల్లా వచ్చేద్దామని బస్సుకి బయలుదేరుతోంది. చేతిసంచీ పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగింది.

"చల్లగదిలో గిన్నెలు మూడున్నాయి, విను. ఎడమపక్కది హోల్గర్ గోడకి పూసుకునే బంక. మధ్యది నీ కడుపు మంటకి అవిసె జిగురు. కుడిపక్కది పెరుగు. తినే ముందు తోడుకి ఒక గరిటెడు తీసి పక్కన పెట్టు. ఇంట్లో ఇంకెక్కడా లేదు. వింటున్నావా?"

"అవిసె జిగురుని లాటిన్‌లో ఏమంటారో తెలుసా? మ్యూసిలాగో. అంటే బూజుపట్టిన రసం. పాపం, ఇంత మంచిదానికి అంత చెడ్డ పేరు..."

"వినలేదన్నమాట. ఒరే హోల్గర్, నువ్వన్నా విన్నావా?"

హోల్గర్ జవాబుగా తుమ్మాడు.

హోల్గర్ రాగ్న్‌హిల్డ్ తమ్ముడు. నడవకి గోడకాగితం అంటించడానికి వచ్చాడు. ఆ నీలిపూల కాగితం కోసం రాగ్న్‌హిల్డ్ మూడు చలికాలాలు ఎదురుచూసింది. బజారు బంక మీద నమ్మకం లేక హోల్గర్ ముందురోజే గోధుమపిండి ఉడికించి బంక చేసి, చల్లగదిలో పెట్టాడు. మూడు గిన్నెలూ పెళ్ళికి వచ్చిన తెల్ల ఎనామిల్ సెట్టులోవే, మూడింటి మీదా ఒకేలాంటి పళ్ళేలు మూత.

బస్సు వెళ్ళగానే మాస్టారు కడుపు సంగతి చూసుకున్నాడు. మధ్య గిన్నె అందుకోవడానికి అటుదీ ఇటుదీ బయటికి తీసి, అవిసె జిగురు కప్పుడు తాగి, మళ్ళీ అన్నిటినీ అరమీద సర్దాడు. ఏది ఎటు పెట్టాడో అప్పుడాయనకీ తెలియదు, ఆయన పిట్యూటరీ గ్రంథి గురించి ఆలోచిస్తున్నాడు.

"బావా, ఎడమపక్క గిన్నె ఇటందుకో," అని కేకేశాడు హోల్గర్ నడవలోంచి. ముక్కు దిబ్బడేసి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

మాస్టారి ముఖం వెలిగింది. "నీకు కటార్ పట్టిందిరా, అదే జలుబు! కటా అంటే కిందికి, రెయిన్ అంటే పారడం. కిందికి పారేది కనక కటార్. ఎక్కణ్ణుంచి పారుతుంది? మెదడులోంచి అనుకున్నారు వెనకటి వైద్యులు. మెదడు అడుగున ఉన్న గ్రంథి చీమిడిని వడకట్టి ముక్కులోకి దింపుతుందనుకుని దానికి పిట్యూటరీ అని పేరు పెట్టారు. లాటిన్‌లో పిట్యూయిటా అంటే చీమిడే! ఇంతకీ ఆ గ్రంథికి ముక్కుతో ఏ సంబంధమూ లేదు..."

"నా ముక్కు కారి నేను చస్తుంటే దానికి వంశవృక్షం చెప్తావేంటి బావా! గిన్నె ఇవ్వు ముందు."

మాస్టారు పాఠం ఆపకుండానే ఎడమపక్క గిన్నె తెచ్చి చేతికిచ్చాడు. హోల్గర్ కుంచె ముంచి పైకెత్తాడు. సన్నటి తెల్లటి తీగ, ఎత్తినకొద్దీ సాగింది. వాసన చూడటానికి అతనికి ఆ రోజు ముక్కు లేదు.

"ఇంత మంచి బంక నా జన్మలో కుదర్లేదు బావా. చూడు, తెగట్లా!" అన్నాడు గర్వంగా.

"బాగుంది," అన్నాడు మాస్టారు చూడకుండానే.

మధ్యాహ్నం శిష్యురాళ్ళు వచ్చారు. ముందు నడిచింది మాయ్‌లిస్. ఒకప్పుడు పెద్దాసుపత్రి వార్డునంతా ఒక్క దగ్గుతో నిశ్శబ్దం చేసిన హెడ్ నర్సు. మాస్టారు తోటలో బల్ల వేసి, గిన్నె తెచ్చి, రాగ్న్‌హిల్డ్ చెప్పింది మరిచిపోకుండా గరిటెడు తీసి తోడుకి భద్రంగా మూతపెట్టాడు. తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

"మ్యూకస్. లాటిన్ మాట. దీనికి గ్రీకులో ఒక చుట్టం ఉంది..."

"ముక్సా!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"చీమిడికీ, ఇంకా..."

"దీపం ముక్కుకీ ఒకటే పేరు!"

మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. మాయ్‌లిస్ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "మాస్టారూ, ఒకటి చెప్తాను. ఫ్లెగ్మా అంటే మొదట మంట అని అర్థమనీ, చల్లటి కఫానికి నిప్పు పేరెలా వచ్చిందో చూడండనీ మీరంటే మేం పిచ్చినవ్వు నవ్వాం. కానీ వార్డులో మొదటిసారి ఒక ముసలాయన ఉమ్మిన గిన్నె చేత్తో పట్టుకున్నప్పుడు నాకు కడుపులో తిప్పలేదు. ఓహో నిప్పా, అనుకున్నాను. ఆ తర్వాతెప్పుడూ నాకు దేన్ని చూసినా అసహ్యం వెయ్యలేదు. అది మీ చలవే."

మాస్టారు ముక్కు తుడుచుకుని, చెంచా గిన్నెలో ముంచి, భుజం దాకా ఎత్తాడు. పెరుగు సాగలేదు. ముద్దగా చెంచాకే అంటుకుని కూర్చుంది. మళ్ళీ ఎత్తాడు. చెంచాతో పాటు గిన్నె లేచింది.

"ఉక్కగా ఉంది కదా, అందుకే," అని సర్దుకున్నాడు.

మా ఊళ్ళో వడ్డించినదాన్ని వద్దనే అలవాటు లేదు. ముగ్గురూ పంచదారా శొంఠిపొడీ చల్లుకుని తిన్నారు. ఒకామె "చాలా బాగుంది" అనబోయి మొదటి మాట దగ్గరే ఆగింది. రెండో ఆమె కాఫీ పోసుకుని పళ్ళు విడదీసుకుంది. మాయ్‌లిస్ గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంది, రుమాలు మూతికే ఉండిపోయింది.

"కాస్త గట్టిగా తోడుకుంది మాస్టారూ," అంది రుమాలు ఊడబెరుక్కుంటూ.

మాస్టారు అప్పుడు తానూ ఒక చెంచా నోట పెట్టుకున్నాడు. అమ్మ కనపడలేదు. పొయ్యీ కనపడలేదు. ఆయన మెల్లగా చెంచా కింద పెట్టాడు.

"కొల్లా," అన్నాడు.

"అంటే?"

"గ్రీకులో బంక. మనం తిన్నది హోల్గర్ గోడబంక."

ముగ్గురూ ఆయన వెంట చల్లగదిలోకి పరుగెత్తారు. అక్కడున్న ఒక్క గిన్నెలో అవిసె గింజలు తేలుతున్నాయి. అందరూ నడవలోకి పరుగెత్తారు. హోల్గర్ ఆఖరి కాగితం మీద చేత్తో నిమురుతున్నాడు. నడవంతా నీలిపూలు.

"ఒరే హోల్గర్, ఆ గిన్నేది?"

"కడిగి బోర్లించా. కుంచె కూడా సబ్బుతో కడిగా. అలా వదిలేస్తే అక్క ఊరుకుంటుందా?"

మాస్టారు గోడకి ఆనుకోబోయి, ఆగి, నేలమీద కూర్చున్నాడు. "అమ్మ తోడు. గోడకి పూసేశాం. నేను తీసి దాచిన గరిటెడూ బంకే. ఇంకెక్కడా లేదు." ఆశగా తలెత్తాడు. "మాయ్‌లిస్, నీ పెళ్ళికి నీకు కాస్త ఇచ్చాం కదూ?"

"ఇల్లు మారినప్పుడు చచ్చిపోయింది మాస్టారూ. మీకు చెప్పే ధైర్యం లేకపోయింది." మాయ్‌లిస్ సిగ్గుపడి గోడకేసి చూసింది. కాగితాన్ని వేలితో నొక్కి చూసింది. "మా అమ్మమ్మ వేసవిలో పశువుల్ని తోలుకుని కొండమీదికి పోయేటప్పుడు పెరుగు మోసుకెళ్ళేది కాదు. నారగుడ్డ దాంట్లో ముంచి, ఆరబెట్టి, మడిచి జేబులో పెట్టుకునేది. పైకెళ్ళాక ఆ గుడ్డ పాలల్లో వేస్తే తెల్లారేసరికి తోడుకునేది. గుడ్డకి ఆరినది కాగితానికి ఆరదా?"

హోల్గర్ రెండు చేతులూ చాచి గోడకి అడ్డం నిలబడ్డాడు. "ముందు నన్ను చింపండి! పొద్దుట్నుంచి పువ్వుకి పువ్వు కలిపా!"

"అక్కకి దేనికి ఎక్కువ కోపం వస్తుందిరా? తోడు పోతేనా, కాగితం చిరిగితేనా?" అని అడిగాడు మాస్టారు. ఇద్దరూ ఆలోచించారు. ఒకడు ఆమెతో పుట్టి పెరిగాడు, ఒకడు ఆమెతో కాపురం చేశాడు, ఇద్దరికీ తెలియలేదు. చివరికి కోట్లు తగిలించే మూల, ఎవరికీ కనపడనిచోట, అరచేతి మేర చింపడానికి హోల్గర్ ఒప్పుకున్నాడు. అప్పుడు కూడా చూడలేక మొహం తిప్పుకున్నాడు.

మాస్టారు ఆ ముక్క పట్టుకుని ఉండగా తలుపు తెరుచుకుంది. రాగ్న్‌హిల్డ్ గుమ్మంలో నిలబడి చిరిగిన గోడనీ, మొగుడినీ, మూతులకి పిండి అంటుకున్న ముగ్గురు నర్సుల్నీ చూసింది. ముగ్గురూ ఒకేసారి చెప్పబోయారు. హోల్గర్ తుమ్మాడు. చివరికి మాస్టారే జరిగిందంతా చెప్పాడు, ఒక్క లాటిన్ మాట కూడా లేకుండా.

ఆమె సంచీ కింద పెట్టింది. గోడ దగ్గరికెళ్ళి, కాగితం అంచు గోటితో లేపి, పైనుంచి కింది దాకా ఒక పట్టీ మొత్తం చర్రున లాగింది. హోల్గర్ మెట్లమీద కూలబడ్డాడు.

"అరచేతి ముక్క సరిపోతుందా?" అంది. "పాలు వెచ్చబెట్టండి. మాయ్‌లిస్, కత్తెర తే."

"నన్ను క్షమించు," అన్నాడు మాస్టారు. "మా అమ్మ తోడు..."

రాగ్న్‌హిల్డ్ చేతులు ఆగాయి. పెళ్ళినాటి నుంచీ దాచిన మాట అప్పుడే బయటికి రావడానికి చోటు వెతుక్కుంది కాబోలు. "మీ అమ్మ తోడు మన మొదటి చలికాలంలోనే మంచుకి గడ్డకట్టి చచ్చిపోయింది ఆర్విడ్. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. ఇది మా అమ్మది."

జిగురు మాటలన్నిటికీ పుట్టిల్లు ఎక్కడో చెప్పగల మనిషి, తాను రోజూ తింటున్న జిగురు పుట్టిల్లు తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "మరి ఇన్నేళ్ళూ నాకు అమ్మ కనపడేది," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"కనపడనీ. మా అమ్మ ఏమీ అనుకోదు," అంది రాగ్న్‌హిల్డ్, కాగితం ముక్కలు పాలలోకి వదులుతూ.

మర్నాడు పొద్దున ఇద్దరూ చల్లగదిలోకి కలిసి వెళ్ళారు. ఇద్దరికీ భయంగానే ఉంది. రాగ్న్‌హిల్డ్ గిన్నెలోంచి నీలిపూలు ఏరి పారేసి, చెంచా ముంచి ఎత్తింది. తీగ లేచింది, మోచేతి దాకా, భుజం దాకా, తెగకుండా. ఆమె కళ్ళు తుడుచుకుని మొదటి చెంచా మొగుడికే ఇచ్చింది.

మాస్టారు నోట పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది," అన్నాడు.

రాగ్న్‌హిల్డ్ శొంఠిపొడి డబ్బా ఆయన ముందుకి జరిపింది.