తొమ్మిదో ఎపిసోడ్ తర్వాత నలభై సెకన్లు

ఒక మనిషిని మనం చూశామని ఎప్పుడు చెప్పవచ్చు? కన్ను పడినప్పుడా, గుర్తుపట్టినప్పుడా, అతడు వెళ్లిపోయాక కూడా గుర్తున్నప్పుడా?

హరికిషన్ ఈ ప్రశ్న వేసుకున్నది ఏ కొండగుహలోనో కూర్చుని కాదు. కార్ఖానా అనే పేటలో, రాష్ట్ర ప్రజా అప్రమత్తతా మండలి కార్యాలయంలో, ఒక చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని. పదకొండేళ్లుగా అతడక్కడ తాత్కాలిక సహాయకుడు. తత్త్వగ్రంథాలు చదివే అలవాటుంది కనుక లోకంలో తాత్కాలికం కానిది లేదని అతడికి తెలుసు. అయినా ఆ ఒక్క ఉద్యోగం పర్మనెంట్ అయినంత మాత్రాన తత్త్వానికి వచ్చే లోటేమీ లేదని అతడి భార్య సృజన అభిప్రాయం. అతడికీ లోలోపల అదే కోరిక.

ఆ ఉదయం మండలి చైర్మన్ రామభద్రరావు గారు పత్రికలవారిని పిలిచి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడంలో తుపాకీది రెండో స్థానం. టీవీది మొదటి స్థానం. 'ఆఖరి తీగ' సీరియల్ తొమ్మిదో ఎపిసోడ్ చివర నేనిచ్చిన నలభై సెకన్ల సందేశం ఈ నగరాన్ని నిద్రలేపింది. ఇంటింటికీ వెళ్లి ప్రేక్షకుల స్పందనలు సేకరిస్తున్నాం. దేశంలోనే తొలిసారి!"

పత్రికలవారు చప్పట్లు కొట్టలేదు. కొట్టే ఉద్దేశం ఉండే ఉంటుంది గానీ, చేతుల్లో సమోసాలున్నాయి.

తర్వాత చైర్మన్ గారు హరికిషన్‌ను లోపలికి పిలిచారు.

"ఏమయ్యా, నీ పర్మనెంట్ ఫైలు నా బల్ల మీదే ఉంది కదూ?"

"ఉంది సార్. ఆరేళ్లుగా."

"దాన్ని వెంటపెట్టుకు తిరుగు. నా సందేశం గురించి నిజమైన ప్రేక్షకుడు చెప్పిన నిజమైన స్పందన, సంతకంతో సహా ఒక్కటి పట్టుకురా. అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాను."

"ఒక్కటి చాలా సార్?"

"ఒక్కటి దొరికితే దాన్ని చూసి మిగతా వెయ్యీ నువ్వే రాసుకోవచ్చుగా!"

ఆ ఔదార్యానికి హరికిషన్ కదిలిపోయాడు. కాని అతడికో జబ్బుంది. జరగనిదాన్ని జరిగినట్టు రాయబోతే కలం కదలదు. అందుకే మొదటి ఫారం తన పేరుతోనే నింపాడు: "ఎపిసోడ్ చూశాను. సందేశం చూడలేదు. ఆ సమయానికి మంచినీళ్లకు లేచాను."

మర్నాడు మోండా మార్కెట్‌కు వెళ్లాడు. సీరియల్లో ఉగ్రవాది బాంబు సంచి పెట్టింది సరిగ్గా కూరగాయల విమలమ్మ గంపల పక్కనే. ఆ గౌరవం దక్కిన దగ్గరనుంచి ఆమె తక్కెడ పట్టుకునే తీరే మారిపోయింది.

"సూసిన బిడ్డా, మొత్తం సూసిన. ఆడు రాంగనే నాకు డౌటొచ్చింది. హీరోకు గంట పట్టింది, నాకు నిమిషం పట్టలె."

"ఎట్లా గుర్తుపట్టావు అవ్వా?"

"బెండకాయలు కొస ఇర్వకుంట ఏసుకున్నడు. ధర సుత అడగలె. మోండాకొచ్చి బేరం జెయ్యనోడు మంచోడు ఎట్లైతడు?"

హరికిషన్ ఆ వాక్యాన్ని శ్రద్ధగా రాసుకుని, "చివర్లో ఒక పెద్దమనిషి మాట్లాడారు, చూశావా?" అని అడిగాడు.

"పెద్దమనిషా? అప్పటికి అయిపోయింది గదా! గిన్నెలు తోముకోనీకి పోయిన."

పక్కనే ఎలక్ట్రీషియన్ బిక్షం నిచ్చెన మీదనుంచే స్పందించాడు. "అన్నా, ఎర్ర వైరా, నీలం వైరా అని పది నిమిషాలు సెమట్లు కార్చిండు గా హీరో. బ్యాటరీ పీకేస్తే అయిపోతుండె గదనే! వాని దగ్గర టెస్టర్ సుత లేదు."

"చివర్లో సందేశం?"

"యాడ్స్ వస్తే నేను మ్యూట్ కొడత."

సైనిక్‌పురిలో విశ్రాంత కర్నల్ సామ్యూల్ గారు నాలుగు పేజీల స్పందన టైపు చేసి సిద్ధంగా ఉంచారు. హీరో పిస్తోలును చెంపకు ఆనించి నిలబడటం గురించి రెండు పేజీలు. అతడి గడ్డానికి అనుమతి ఇచ్చిన అధికారి ఎవరన్న విచారణ ఒక పేజీ. కార్ఖానానుంచి మోండాకు సాయంత్రం ఆరింటికి జీపులో నాలుగు నిమిషాల్లో చేరడం శత్రుసైన్యం వల్ల కూడా కాదని చివరి పేజీ.

"సందేశం గురించి ఏమీ రాయలేదండీ?"

"చివర్లో ఎవరో నల్లకళ్లద్దాలాయన వచ్చాడు. సిమెంటు ప్రకటన అనుకుని కుక్కను తిప్పడానికి వెళ్లాను."

మూడు రోజుల్లో మూడువందల పన్నెండు ఫారాలు నిండాయి. నగరమంతా ఆ ఎపిసోడ్ చూసింది. నగరమంతా సరిగ్గా ఆ నలభై సెకన్లకే లేచిపోయింది. ఇంతటి ఐకమత్యాన్ని హరికిషన్ ఇంకే విషయంలోనూ చూసి ఉండలేదు.

చైర్మన్ గారు ఫారాలన్నీ తిరగేసి నిరాశపడలేదు. గొప్పవారిని నిరాశ అంత తేలిగ్గా తాకదు.

"వీళ్లకు నా మొహం గుర్తుంది, పేరు తెలియదంతే. టీవీలో వేసుకున్న తెల్ల సఫారీ, నల్లకళ్లద్దాలు, పక్కన పెట్టుకున్న నల్లసంచి, అన్నింటితో రేపు పది గంటలకు మోండాకు వెళతాను. ఎవరు ముందు గుర్తుపడితే వాళ్ల స్పందన రాసుకో."

"గన్‌మెన్లు సార్?"

"వద్దు. తుపాకుల్ని చూసి దణ్ణం పెడితే అది నాకు పెట్టినట్టెలా అవుతుంది? నువ్వు ఇరవై అడుగులు వెనక రా. ఎట్టి పరిస్థితుల్లోనూ నన్ను పరిచయం చేయరాదు." హరికిషన్ స్వభావం ఎరిగినవారు కనుక ఆ ఆజ్ఞను కాగితం మీద రాసి మరీ ఇచ్చారు.

మర్నాడు పది గంటలకు చైర్మన్ గారు మార్కెట్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచారు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకామె మాత్రం "జెర జరుగు సార్, బండి వస్తుంది" అన్నది. ఆయన విమలమ్మ గంపల దగ్గర ఆగి, నల్లసంచి కింద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని చిరునవ్వు నవ్వారు. ఊరికే నిలబడితే బాగుండదని రెండు గుప్పిళ్ల బెండకాయలు తూకంలో వేశారు.

కొసలు విరవలేదు.

"కిలో ఎనబై" అన్నది విమలమ్మ, కళ్లు చిన్నవి చేసి.

"అలాగేనమ్మా" అన్నారు చైర్మన్ గారు.

విమలమ్మ తక్కెడ కింద పెట్టింది. "ఓ బిక్షం! ఉరుకురా! దొరికిండు!"

నిచ్చెన దిగడానికి బిక్షానికి పట్టిన సమయంలోనే ఉల్లిగడ్డలవాళ్లు, కొత్తిమీరవాళ్లు, బేరం మధ్యలో ఉన్న నలుగురు ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఉల్లిగడ్డ బస్తాల తాళ్లతో చైర్మన్ గారిని స్తంభానికి కట్టేశారు. సంచిని ఎవరూ ముట్టుకోలేదు. దాని చుట్టూ ఖాళీ గంపలు బోర్లించి అందరినీ దూరంగా నెట్టారు. సీరియల్లోకన్నా పద్ధతిగా జరిగిందని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

"నేను చైర్మన్‌నయ్యా!" అని అరిచారు ఆయన.

అప్పుడే వచ్చిన కానిస్టేబుల్ రాజేందర్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఏ చైర్మన్ సార్? గల్లీకి ఇద్దరున్నరు. కార్డుందా?"

"కార్డు గన్‌మెన్ దగ్గరుంది. టీవీలో చూడలేదూ? తొమ్మిదో ఎపిసోడ్!"

"తొమ్మిదోదాంట్ల దొరికినోన్ని కాల్చేసిన్రు గద" అన్నాడు బిక్షం, ఆయనను పరీక్షగా చూస్తూ.

విమలమ్మ మాత్రం గంభీరంగా చెప్పింది. "ఇడువకు రాజేందరూ. ఆ రాత్రి నేను గిన్నెలు తోముతుంటే లోపలికి ఇనబడ్డది. టీవీల ఎవరో గట్టిగ జెప్పిండు. సంచి ముట్టుకోవద్దు, మనిషిని ఇడువద్దు, నేను ఫలానా పెద్దమనిషిని అని ఎంత మొత్తుకున్నా నమ్మొద్దన్నడు. మొఖం సూడలె గాని, మాట మాత్రం మంచిగ జెప్పిండు మారాజు."

ఇరవై అడుగుల వెనక హరికిషన్ ఫారం బయటికి తీశాడు. అతడు గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చాడు. చైర్మన్ గారి ముఖం వెలిగింది. హరికిషన్ ఆయనను దాటి విమలమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె మాటలను ఒక్క అక్షరం పోకుండా ఫారంలో రాసి, సంతకం తీసుకున్నాడు.

తర్వాత వెనుదిరిగి వినయంగా అన్నాడు. "సార్, స్పందన వచ్చింది. నిజమైనది."

"ముందు నేనెవరో వీళ్లకు చెప్పవయ్యా!"

"పరిచయం చేయరాదని తమరి ఆజ్ఞ. రాతలో ఉంది."

కానిస్టేబుల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సార్, మీకు ఈయన ఎరుకనా, కాదా? అది చెప్పున్రి."

ఒక మనిషిని గుర్తించడమంటే ఏమిటి? నాలుగు రోజులుగా హరికిషన్‌ను వేధిస్తున్న ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. పదకొండేళ్ల ఉద్యోగ జీవితంలో అతడు తొలిసారి ఒక నిర్ణయం తీసుకున్నాడు.

"ముఖం చూసి చెప్పలేనండీ" అన్నాడు. "సంతకం చూస్తే చెప్పగలను."

తన భుజాన ఉన్న సంచిలోంచి పర్మనెంట్ ఫైలు తీసి, సంతకం పడాల్సిన ఆరో పేజీ తెరిచి, గంప మీద పరిచాడు. కలం మూత తీశాడు. కుడిచేయి ఒక్కటి విప్పితే చాలన్నాడు.